ఇంటిపేరు గడి నింపేముందు

మా రోజుల్లో పెళ్ళికి ముందు అబ్బాయీ అమ్మాయీ కూర్చుని ఇంటిపేరు గురించి మాట్లాడుకోవడమన్నది లేదు. అది మంచి పద్ధతని నేను అనను. కానీ ఈ రోజుల్లో మాట్లాడుకునే వీలుంది, చదువుంది, ఉద్యోగముంది, చట్టం అడ్డురాదు. అయినా ఆ మాటే ఎత్తకుండా పెళ్ళిపీటల దాకా వెళ్ళిపోతున్నారు. దాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. ఫంక్షన్ హాలు ఏది, ఫొటోలు ఎవరు తీస్తారు, సంగీత్‌లో ఏ పాటకు ఎవరు ఆడతారు అన్నవాటి మీద నెలల తరబడి మంతనాలు. ఆ పిల్ల ఇకమీదట ఏ పేరుతో బతుకుతుంది, పుట్టబోయే బిడ్డలు ఏ ఇంటివాళ్ళని రాయించుకుంటారు అన్న సంగతి మాత్రం వీసా ఫారం ముందు కూర్చున్న రాత్రి, ఆ గడి దగ్గర వేలు ఆగినప్పుడు, "లాస్ట్ నేమ్ ఏం పెడదాం?" అన్న ఒక్క ప్రశ్నతో తేలిపోతోంది. పూలదండల రంగుకిచ్చినంత సమయం కూడా ఇంటిపేరుకి ఇవ్వడం లేదు.

నేను కృష్ణా జిల్లా పల్లెటూళ్ళలో, జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పాఠాలు చెప్పి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని. అడ్మిషన్ రిజిస్టర్లు నా చేత్తో రాశాను. పదో తరగతి నామినల్ రోల్స్ నా కళ్ళతో సరిచూశాను. పిల్ల పేరులో ఒక అక్షరం అటూఇటూ అయితే, పెళ్ళై పిల్లల తల్లయ్యాక కూడా ఆ పిల్ల బడికి తిరిగొచ్చి కాగితం కోసం నిలబడడం చూశాను. అందుకే పేరంటే నాకు పట్టింపు. చాదస్తమని మా పిల్లలు అనుకుంటే అనుకోనీ, చెప్పాల్సింది చెప్పే తీరతాను.

మా చిన్నతనంలో ఇంటిపేరు చెబితే మనిషి ఆనుపానులన్నీ తెలిసిపోయేవి. రైల్లో ఎదురు సీటులో కూర్చున్న పెద్దావిడ "ఎవరమ్మాయివే?" అని మొదలుపెట్టేది. ఇంటిపేరు చెప్పగానే "ఏ ఊరివాళ్ళు? మా మేనత్తను ఇచ్చింది ఆ ఇంటికేగా!" అని, రెండు స్టేషన్లు దాటేలోగా చుట్టరికం తేల్చి, వరస కలిపి, డబ్బాలోంచి అరిసె తీసి చేతిలో పెట్టేది. ఒకే ఇంటిపేరున్నవాళ్ళు అన్నదమ్ముల బిడ్డల లెక్క, వాళ్ళ మధ్య పెళ్ళి మాటే రాకూడదు. అందుకని సంబంధం చూసేటప్పుడు మొట్టమొదట అడిగేది ఇంటిపేరే. కొన్ని ఇంటిపేర్లలో పూర్వీకులు వదిలివచ్చిన ఊరు కూడా దాగి ఉంటుంది. రాధాకృష్ణన్‌గారు పుట్టింది తిరుత్తణిలో. అయినా ఆయన పేరు ముందు నెల్లూరు సీమలోని సర్వేపల్లి నిలిచి ఉంది. ఆయన కొడుకు, చరిత్రకారుడు గోపాల్ పేరు ముందూ అదే నిలిచింది. ఊరు వదిలినా, భాష మారిన సీమకు చేరినా, ఇంటిపేరు మాత్రం వదల్లేదు.

ఆడపిల్లకు పెళ్ళితో ఇంటిపేరు మారేది, నిజమే. కానీ పుట్టింటి పేరు చెరిగిపోయేది కాదు. శుభలేఖలో రెండు ఇళ్ళ పేర్లూ పూర్తిగా అచ్చయ్యేవి. పురోహితుడు రెండు వైపులవారి గోత్రాలూ, ముత్తాత, తాత, తండ్రుల పేర్లూ పందిట్లో అందరికీ వినపడేట్టు చదివేవాడు. పెళ్ళిలో పెట్టిన ఇత్తడి బిందెల మీద, స్టీలు గిన్నెల మీద ఇచ్చినవాళ్ళ పేర్లు ఇంటిపేరు అక్షరంతో సహా చెక్కించేవాళ్ళు. మా అత్తగారి వంటింట్లో ఏ గిన్నె తిప్పి చూసినా అది ఏ ఇంటినుంచి వచ్చిందో తెలిసేది. ఆవిడ కోడళ్ళను పేరు పెట్టి పిలవడం తక్కువ. "ఫలానావారి పిల్ల" అని మా పుట్టింటి పేరుతోనే పిలిచేది, ఊరంతా అలాగే పిలిచేది. కాగితం మీద మెట్టినింటి పేరున్నా, నలుగురి నోళ్ళలో పుట్టిల్లు బతికే ఉండేది. మాకు దక్కిన మంచి అది.

అన్నీ బాగుండేవని అబద్ధం చెప్పను. పీటల మీద కూర్చున్న పిల్లను "నీకిది ఇష్టమేనా?" అని అడిగినవాళ్ళు లేరు. మా వైపు ఇల్లరికం ఉండేది. అల్లుడు మామగారింటికి వచ్చి, ఆ పొలమే దున్ని, ఆ ఆస్తికే హక్కుదారయ్యేవాడు. అయినా తన ఇంటిపేరు మార్చుకునేవాడు కాదు, పిల్లలకీ తన ఇంటిపేరే పెట్టేవాడు. మగవాడు ఇల్లు మారినా పేరు మారదు, ఆడది ఇల్లు మారితే పేరూ మారాలి. ఇది ఏ న్యాయమో మాకెవరూ విడమరిచి చెప్పలేదు. బడి రిజిస్టర్లో చాలాకాలం తల్లి పేరు రాయడానికి గడే ఉండేది కాదు. ఇక దేశంలో మిగతాచోట్ల సంగతి మరీ ఘోరం. 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు రాస్తున్నప్పుడు, ఉత్తరాది రాష్ట్రాల్లో లక్షలాది ఆడవాళ్ళు సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్యననో, ఫలానావారి తల్లిననో చెప్పారు. అలాంటి దాదాపు 28 లక్షల పేర్లను జాబితానుంచి తీసేయాల్సి వచ్చింది. సొంత పేరు చెప్పుకోలేకపోతే ఓటే పోతుంది. పేరు చిన్న విషయమనేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అప్పట్లో ఇంటిపేరు మారితే ఆడదాని చేతినుంచి పోయే కాగితమేదీ లేదు, ఎందుకంటే ఆమె చేతిలో కాగితమే లేదు. పట్టా మామగారిది, బ్యాంకు పుస్తకం మొగుడిది, రేషన్ కార్డు ఇంటి యజమానిది. ఇప్పటి పిల్ల సంగతి వేరు. పదో తరగతి సర్టిఫికెట్టు దగ్గర మొదలై ఇంటరు, డిగ్రీ, ఉద్యోగం ఆర్డరు, పాన్ కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా, పాస్‌పోర్టు అన్నీ ఒకే పేరుతో వరసగా వచ్చాయి. ఇరవై అయిదేళ్ళు కష్టపడి, పరీక్షలు రాసి, పుస్తెలకన్నా ముందు తను సంపాదించుకున్న ఆస్తి అది. ఆ పేరును పెళ్ళైన మరునాడు ఫేస్‌బుక్‌లో మార్చేస్తోంది. తర్వాత ఆధార్ ఒక పేరుతో, పాన్ ఇంకో పేరుతో, సర్టిఫికెట్లు మూడో పేరుతో ఉంటాయి. ఇల్లు కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ దగ్గరో, పీఎఫ్ డబ్బు తీసుకునేటప్పుడో, ఈ ముగ్గురూ ఒకరేనని నోటరీ అఫిడవిట్లు పట్టుకుని తిరుగుతుంది. పాన్ సంఖ్యలో ఐదో అక్షరం చూడండి. ఆ కార్డు తీసుకున్ననాడు లాస్ట్ నేమ్ గడిలో రాసిన పేరుకు మొదటి అక్షరం అది. తర్వాత ఇంటిపేరు మార్చుకున్నా సంఖ్య మారదు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర మొదటి పేరు తాలూకు అక్షరం అలా ఉండిపోతుంది, పిల్ల మాత్రం ఆ పేరు వదిలేస్తుంది.

మార్చుకోవద్దని నేను అనడం లేదు. ఇష్టపడి, ఆలోచించి, మెట్టినింటి పేరు కావాలనుకుంటే శుభ్రంగా మార్చుకోండి. గెజిట్‌లో వేయించి, అన్ని కాగితాలూ ఒక్కసారే సరిచేసుకోండి. నా బాధంతా ఎవరూ నిర్ణయించకుండా జరిగిపోయే మార్పు గురించే.

అమెరికా వెళ్ళేవాళ్ళ సంగతి చెప్పాలంటే కోపమే వస్తుంది. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. అక్కడి ఫారంలో చివరనున్నదే కుటుంబం పేరు. మనవాళ్ళు తొందరలో తమ పేరు ఎలా ఉంటే అలా వరసగా రాసేస్తారు. దాంతో తండ్రి సొంత పేరో, పేరు చివరనున్న రావో, కుమారో, కుటుంబం పేరైపోతుంది. భార్య డ్రైవింగ్ లైసెన్సులో అదే, పిల్లల బర్త్ సర్టిఫికెట్లో అదే. అన్న పిల్లల కుటుంబం పేరు అన్నగారి పేరు, తమ్ముడి పిల్లల కుటుంబం పేరు తమ్ముడి పేరు. ఒకే తాత మనవలు రేపు ఒకరికొకరు ఏమవుతారో పేరు చూసి తెలుసుకునే దారే లేదు. మా రోజుల్లో రైల్లో పెద్దావిడ రెండు స్టేషన్లలో తేల్చిన చుట్టరికాన్ని, ఇంత చదువుకున్నవాళ్ళు ఒక్క ఫారంతో తెంపేస్తున్నారు. ఇందులో భార్య ఇంటిపేరూ పోయింది, భర్త ఇంటిపేరూ పోయింది. ఎవరి పేరు నిలబెట్టుకోవాలని వాదించుకోవడానికి ఇక మిగిలిందేమిటి?

కొందరైతే పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలేసి, మొత్తం పేరంతా ఒకే గడిలో రాయిస్తారు. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా తీసుకుంటే, సొంత పేరు ఉండాల్సిన చోట పేరు తెలియదన్నట్టు ఎఫ్ఎన్‌యూ అని మూడు అక్షరాలు పడతాయి. తల్లిదండ్రులు బారసాల చేసి, బియ్యంలో రాసి, చెవిలో చెప్పిన పేరుకు పట్టిన గతి అది. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్ళు విజిటింగ్ వీసా మీద రాకూడదని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించినప్పుడు, గల్ఫ్‌కి మనుషుల్ని పంపే మన జిల్లాల్లో ఎన్ని ఇళ్ళు కంగారుపడి ఉంటాయో ఊహించండి. గడి ఖాళీగా వదలడమంటే నిర్ణయం వాయిదా వేయడమని అనుకుంటారు. మనం రాయకపోతే ఎవడో గుమాస్తా రాస్తాడు.

పొడి అక్షరాల జబ్బు ఒకటి మనకు ముందునుంచీ ఉంది. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి, చుక్క పెట్టి, అంతటితో సరిపెట్టేస్తాం. బడిలో నేను ఎప్పుడూ ఒప్పుకునేదాన్ని కాదు. "కె. అంటే ఏమిట్రా? కొండపల్లా, కాకర్లా, కోటా? పూర్తిగా రాయి" అని రాయించేదాన్ని. ఇప్పటి పిల్లల్ని అడగండి, ఆ అక్షరం వెనకున్న ఇంటిపేరు గుణింతాలతో సహా సరిగా రాయగలవాళ్ళు ఎంతమంది? తల్లి పుట్టింటి పేరు అడిగితే బ్యాంకు పాస్‌వర్డ్ ప్రశ్నకు తప్ప దాంతో పనేమిటన్నట్టు చూస్తారు.

పేరు మార్పుతో చరిత్రలో మనిషి ఎలా తప్పిపోతుందో చూడండి. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయిగారు రాజ్యాంగ సభలో కూర్చున్నది జి. దుర్గాబాయిగా. ఆ సభ చర్చల పుస్తకాల్లో ఆమె మాట్లాడిన మాటలన్నీ ఆ పేరు కిందే ఉన్నాయి. 1953లో సి.డి. దేశ్‌ముఖ్‌ను పెళ్ళాడి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయ్యారు. ఈ రోజు పదో తరగతి పిల్ల ఆ చర్చల్లో దేశ్‌ముఖ్ అని వెతికితే ఆవిడ దొరకదు. రెండు పేర్లూ తెలిసిన పెద్దవాళ్ళు చెప్పాలి. సరోజినిగారు హైదరాబాదులో అఘోరనాథ ఛటోపాధ్యాయ కూతురు. 1898లో గోవిందరాజులు నాయుడుగారిని పెళ్ళాడి నాయుడు అయ్యారు, వాళ్ళమ్మాయి పద్మజ కూడా నాయుడే. ఆయన పేరు చివరి మాట కుటుంబం పేరైంది. ఆయన ఇంటిపేరేమిటో ఈ రోజు ఎంతమంది చెప్పగలరు? తెలుగులో తొలి కథకుల్లో ఒకరైన భండారు అచ్చమాంబ ఇంకో ఉదాహరణ. పుస్తకాల మీద మెట్టినింటి పేరే ఉంది. కానీ ఆమె కొమర్రాజు లక్ష్మణరావుగారి అక్క అని చదువుకున్నవాళ్ళంతా ఈనాటికీ చెబుతారు. రెండిళ్ళ పేర్లూ గుర్తుపెట్టుకోవడమంటే అదే.

పేరు ఉంచుకున్నవాళ్ళూ మనలో ఉన్నారు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరికి 1997లో పెళ్ళైంది, అదీ హర్యానా అబ్బాయితో. 2000లో సిడ్నీలో బరువులెత్తి ఒలింపిక్ పతకం తెచ్చినప్పుడు ప్రపంచం చదివింది కరణం అన్న పేరునే. పి.వి. సింధుకు 2024 డిసెంబరులో పెళ్ళైంది, బ్యాడ్మింటన్ స్కోరుబోర్డు మీద ఇప్పటికీ పూసర్ల అనే పడుతోంది. వాళ్ళ కాపురాలకు దానివల్ల వచ్చిన లోటేమీ లేదు. పేరు మారకపోతే కలిసిపోలేరని, అత్తగారింట్లో అది అగౌరవమని నూరిపోసేవాళ్ళకు ఇంతకన్నా ఏం చెప్పాలి?

"చట్టం ఒప్పుకోదు, రేపు ఇబ్బంది" అని ఇంకో భయం పెడతారు. ఏ చట్టం? జపాన్‌లో దంపతులిద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలని పౌరస్మృతిలో రాసుకున్నారు, అక్కడి సుప్రీంకోర్టు 2015లోనూ 2021లోనూ దాన్ని సమర్థించింది. మనకు అలాంటి నియమం ఏదీ లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో పెళ్ళికూతురు పేరు మార్చుకోవాలన్న మాట ఎక్కడా కనిపించదు. పెళ్ళైనంత మాత్రాన పాస్‌పోర్టులో పేరు మార్చుకోనక్కర్లేదని 2017 ఏప్రిల్‌లో ప్రధానమంత్రే చెప్పారు. చట్టం దారి విడిచిపెట్టింది. అడ్డం పడుతున్నది మన అలవాటే.

మార్చుకోవడం ఎంత తేలికో, వెనక్కి తెచ్చుకోవడం అంత కష్టం. ఒకసారి భర్త ఇంటిపేరు చేర్చుకుని, మళ్ళీ పుట్టింటి పేరు కావాలంటే విడాకుల కాగితమో, భర్త ఒప్పుకున్నట్టు పత్రమో తెమ్మని కేంద్రప్రభుత్వ ప్రచురణల విభాగం నిబంధన పెట్టిందని, 2024లో ఒకావిడ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. పుట్టింటి పేరు వదిలేసేటప్పుడు తండ్రి ఒప్పుకున్నట్టు కాగితం తెమ్మని ఎవరైనా అడిగారా? తల్లి సంతకం కావాలన్నారా? వదిలేటప్పుడు ఎవరికీ పట్టలేదు, తిరిగి తీసుకునేటప్పుడు మాత్రం భర్త అనుమతి అడిగారు. ఇది విన్నాక కూడా ఆలోచించకుండా మార్చుకునే పిల్లల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పిల్లల సంగతి ఇంకా సున్నితం. మన తెలుగు కుటుంబంలోనే ఒక కేసు నడిచింది. భర్త పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లి, బిడ్డకు కొత్త ఇంటిపేరు పెట్టింది. తాతానాయనమ్మలు ఒప్పుకోలేదు. బిడ్డకు పాత ఇంటిపేరే ఉండాలని, కుదరని చోట కొత్త భర్తను మారుతండ్రిగా చూపించాలని హైకోర్టు అంది. 2022 జూలైలో సుప్రీంకోర్టు ఆ మాటను కొట్టేసింది. బిడ్డకు సహజ సంరక్షకురాలైన తల్లికి ఇంటిపేరు నిర్ణయించే హక్కుందని, కాగితాల్లో మారుతండ్రి అని రాయించడం క్రూరత్వమంత పని అని చెప్పింది. బిడ్డ చనిపోయిన కొడుకు గుర్తు కాబట్టి పెద్దవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఆ తీర్పు సరైందేనంటాను. బిడ్డను పెంచే మనిషి మాటే చెల్లాలి. అలాంటి కుటుంబాలు ముందే కూర్చుని మాట్లాడుకుంటే, కోర్టు మెట్ల మీద ఇన్నేళ్ళు గడవవు.

ఇక అబ్బాయిల మీద నాకున్న కోపం. ఈ తరం మగపిల్లలు చాలా మంచివాళ్ళు, అంట్లు తోముతారు, పిల్లాడికి స్నానం చేయిస్తారు, నాకు ముచ్చటేస్తుంది. కానీ పేరు మాట వస్తే "నీ ఇష్టం, నాకేం అభ్యంతరం లేదు" అని తప్పుకుంటారు. మా చెల్లెలి మనవరాలు పెళ్ళికి ముందు అదే చెప్పింది, "అమ్మమ్మా, తను ఏమీ అనలేదు, నా ఇష్టమన్నాడు" అని సంబరపడింది. నేను ఒకటే అడిగాను. "నీ ఇష్టమన్నాడు సరే, పిల్లలకి ఎవరి ఇంటిపేరన్నది మీ ఇద్దరి ఇష్టమా, ఆయన ఇష్టమా? వాళ్ళమ్మ అడిగితే ఆయనే సమాధానం చెబుతాడా, నిన్ను ముందుకు తోస్తాడా?" పిల్ల నోరు మూసుకుంది. పాపం దాని తప్పు కాదు. ఇష్టం పిల్లదని వదిలేసి, నలుగురికీ జవాబు చెప్పుకునే భారం కూడా పిల్లమీదే పెట్టడం మంచితనం అనిపించుకోదు. భార్య పేరు మార్చుకోకపోతే తన బంధువులకు చెప్పాల్సింది భర్తే. మార్చుకుంటే ఆ కాగితాలకోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది కూడా ఇద్దరూ కలిసే.

పెద్దవాళ్ళకూ ఒక మాట. నా వయసువాళ్ళు, నాకన్నా చిన్నవాళ్ళు, "మా కోడలు ఇంకా పేరు మార్చుకోలేదు" అని గుడిలో, వాకింగ్‌లో చెప్పుకోవడం మానండి. మన అత్తగార్లు మనల్ని పుట్టింటి పేరుతో పిలిచినప్పుడు వాళ్ళ ఇంటి పరువేం పోలేదు. శుభలేఖల్లో ఇప్పుడు రెండు పేర్లు కలిపి హ్యాష్‌ట్యాగ్ చేసి వేస్తున్నారు, అమ్మాయి వైపు ఇంటిపేరు ఒక అక్షరమై మిగులుతోంది. అది చూసి మురిసిపోయే బదులు, రెండు ఇంటిపేర్లూ పూర్తిగా వేయించండి. మనవలకు తల్లి పుట్టింటి ఊరు, ఇంటిపేరు, అక్కడి తాతల పేర్లు చెప్పండి. అది నేర్పడానికి ఏ బడీ లేదు, మనమే ఉన్నాం.

పెళ్ళి చేసుకోబోయే పిల్లలూ, లగ్నం పెట్టుకున్న వారంలోనే ఒక సాయంత్రం కూర్చోండి. అమ్మాయి తన పేరు ఉంచుకుంటుందా, మార్చుకుంటుందా, ఎందుకు? పిల్లలకు ఎవరి ఇంటిపేరు? తల్లిదా, తండ్రిదా, రెండూనా? విదేశాలకు వెళితే ఏ గడిలో ఏది రాస్తారు? నాలుగు ప్రశ్నలే. ఏ జవాబు చెప్పుకున్నా నేను తప్పుపట్టను. మెట్టినింటి పేరు తీసుకోండి, పుట్టింటి పేరు ఉంచుకోండి, రెండూ కలుపుకోండి, మగపిల్లాడే భార్య ఇంటిపేరు తీసుకుంటానంటే దీవించి పంపుతాను. కానీ ఇద్దరూ నోరు విప్పి తేల్చుకోండి, తేల్చుకున్నదాన్ని రెండు కుటుంబాలకూ ముందే చెప్పండి. తర్వాత ఇంటిపేరు గడిలో ఇంటిపేరే, పొడి అక్షరం కాకుండా పూర్తిగా, అన్ని కాగితాల్లోనూ ఒకేలా రాయించండి. మాకు అడిగే హక్కు లేక మాట్లాడలేదు. మీకు ఆ హక్కుంది, వాడుకోకపోవడానికి మీకు ఏ సాకూ లేదు.